నెయ్యి మానేస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) తగ్గుతుందా? అసలు శాచురేటెడ్ ఫ్యాట్ (సంతృప్త కొవ్వు) ఎక్కణ్నుంచి వస్తోంది?

ముద్దపప్పు అడిగిన ప్రశ్న:

వయసు 52, మగ, కూర్చుని చేసే ఉద్యోగం. బీపీ మామూలే, సిగరెట్ లేదు. లిపిడ్ ప్రొఫైల్ ఇదీ: టోటల్ 236, ఎల్‌డీఎల్ 156, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 38, ట్రైగ్లిజరైడ్స్ 210. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6.1. మూడు నెలలు తిండి సరిచేసుకుని మళ్లీ రమ్మన్నారు. చీటీ మీద "నెయ్యి మానాలి" అని ఒక్క ముక్క ఉంది.

నలుగురున్న ఇల్లు. నెలకు 3 లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె. రోజుకు లీటరున్నర ఫుల్‌క్రీమ్ పాలు, కాఫీ పెరుగు అన్నీ అందులోంచే. పప్పులో రోజూ రెండు టీస్పూన్ల నెయ్యి. టిఫిన్‌లోకి వారంలో నాలుగు రోజులు కొబ్బరి చట్నీ. సాయంత్రం గుప్పెడు మిక్చర్.

యూట్యూబ్ చూస్తే సన్‌ఫ్లవరే విషం, నెయ్యి, గానుగ కొబ్బరినూనె గుండెకు అమృతం అంటున్నారు. ఎవరి మాట వినాలి? మానాల్సింది నెయ్యేనా?

---

కొలతచెంచా:

నెయ్యి తగ్గించడం తప్పు కాదండీ. కానీ మీరిచ్చిన లెక్కలో నెయ్యి మూడో దొంగ. మొదటి ఇద్దర్నీ వదిలేసి వాణ్ని పట్టుకుంటే రిపోర్టులో పెద్ద మార్పు కనపడదు.

ముందు హద్దు ఎంతో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో సంతృప్త కొవ్వు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి అది 22 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సినవారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు 5, 6 శాతమే, అంటే దాదాపు 13 గ్రాములు.

ఇప్పుడు మీ పళ్లెం. ఫుల్‌క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం. లీటరున్నర నలుగురికి పంచితే తలా 375 మి.లీ., అందులో కొవ్వు 23 గ్రాములు. పాలకొవ్వులో అరవై శాతానికి పైగా సంతృప్తమే కాబట్టి ఒక్క పాలూ పెరుగుల నుంచే 14 గ్రాములు వచ్చేశాయి. ఇంకా వంటింట్లో పొయ్యి వెలిగించలేదు, మీ 13 గ్రాముల కోటా అయిపోయింది.

రెండోది కొబ్బరి. పచ్చికొబ్బరి 100 గ్రాముల్లో కొవ్వు 33 గ్రాములు, అందులో 30 దాకా సంతృప్తమే. చట్నీ ద్వారా 20 గ్రాముల కొబ్బరి లోపలికి వెళ్తే 6 గ్రాములు. ఆ తర్వాతే నెయ్యి: రెండు టీస్పూన్లు 9 గ్రాములు తూగుతాయి, సంతృప్తం 5.5. మిక్చర్ 30 గ్రాములు అనుకుంటే, పామోలిన్‌లో వేయించింది గనుక ఇంకో నాలుగున్నర. మీరు భయపడుతున్న సన్‌ఫ్లవర్ నూనె? 3 లీటర్లు తూకంలో 2,730 గ్రాములు. నలుగురికి, 30 రోజులకు పంచితే తలా 23 గ్రాములు. సంతృప్తం 11 శాతమే కాబట్టి రెండున్నర గ్రాములు, అంతే.

అన్నీ కలిపితే చట్నీ ఉన్న రోజున 32 దాటుతోంది. పప్పులు, గుడ్డు వగైరాలకు ఇంకో 2 కలుపుకోండి.

మార్చాల్సింది పెద్దదాని దగ్గర మొదలుపెట్టండి. ఫుల్‌క్రీమ్ బదులు డబుల్ టోన్డ్ తెస్తే (కొవ్వు 1.5 శాతం) పాల వాటా 14 నుంచి మూడున్నరకు దిగుతుంది. కొబ్బరి చట్నీ వారానికి ఒక్క రోజు ఉంచుకుని మిగతా రోజులు పల్లీ చట్నీ, టమాటా పచ్చడి, అల్లం పచ్చడి చేసుకోండి. మిక్చర్ బదులు నూనె లేకుండా వేయించిన పల్లీలు 30 గ్రాములు: కొవ్వు 15 గ్రాములున్నా సంతృప్తం 2 గ్రాములే. నెయ్యి ఒక టీస్పూన్‌కు తగ్గించండి. ఇప్పుడు కూడితే అన్నీ కలిపి 14 దగ్గర ఆగుతుంది, ముద్దపప్పులో నెయ్యి చుక్క మిగిలే ఉంది!

నెయ్యి చెంచా విషయంలో ఒక్క జాగ్రత్త. వడ్డించేది సాధారణంగా నెయ్యిగిన్నెలో ఉండే పాతకాలపు చెంచాతో. చాలా ఇళ్లలో అది టీస్పూన్‌కు రెండింతలు పడుతుంది. ఒకసారి కొలత చెంచాతో నీళ్లు పోసి చూసుకోండి.

---

గానుగెద్దు:

నూనెల గురించి. సంతృప్త కొవ్వు శాతాలు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి: సన్‌ఫ్లవర్ 11, నువ్వులు 15, వేరుశనగ 18, తవుడు నూనె 22, పత్తిగింజలు 26, పామోలిన్ 40కి పైన, నెయ్యి 62, కొబ్బరి 85కి పైన. గానుగలో ఆడినా మిల్లులో తీసినా ఈ అంకెలు మారవు. గానుగ వల్ల వాసన, రంగు, కొంత విటమిన్ ఇ మిగులుతాయి. కొవ్వు ఆమ్లాలు గింజ జాతిని బట్టి వచ్చేవి, యంత్రాన్ని బట్టి కాదు.

పైన కొలతచెంచా గారు చెప్పిన 23 గ్రాముల సన్‌ఫ్లవర్ స్థానంలో అంతే కొబ్బరినూనె పోస్తే రెండున్నర గ్రాములు కాస్తా 20 అవుతుంది. అదీ యూట్యూబ్ సలహా ఖరీదు.

"కొబ్బరిలో ఉన్నది ఎంసీటీ (మధ్యస్థ పొడవు కొవ్వు), నేరుగా కాలేయానికి వెళ్లి కాలిపోతుంది" అన్న మాటలో సగమే నిజం. అలా వెళ్లేవి 8, 10 కార్బన్ల ఆమ్లాలు. కొబ్బరినూనెలో అవి 15 శాతం లోపే. దాదాపు సగం ఉండేది లారిక్ ఆమ్లం, 12 కార్బన్లది. అందులో ఎక్కువ భాగం మామూలు పొడవు కొవ్వుల్లాగే రక్తంలోకి చేరి ఎల్‌డీఎల్ పెంచుతుంది. 2020లో 16 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో, కొబ్బరి, పామ్ లాంటివి కాని మామూలు గింజ నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను సుమారు 10 మి.గ్రా. పెంచింది. హెచ్‌డీఎల్ కూడా కాస్త పెరిగింది, కానీ మందులతో హెచ్‌డీఎల్ పెంచి చూసిన చాలా పరీక్షల్లో గుండెపోట్లు తగ్గలేదు కాబట్టి అది చూపించి ఇది మాఫీ చేయలేం.

గానుగ వేరుశనగ నూనె కొనేవారికి వేరే హెచ్చరిక. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది, గానుగ నూనెలో పోదు. కాబట్టి ఎదురుగా ఆడించుకునే చోట పప్పు చేతిలోకి తీసుకుని చూడండి. నల్లబడినవి, ముడుచుకున్నవి, ముక్కిపోయిన వాసన కొట్టేవి ఉంటే ఆ గానుగ వద్దు.

సన్‌ఫ్లవర్‌కూ ఒక లోపముంది. అందులో లినోలిక్ ఆమ్లం ఎక్కువ, మూకుడులో పదేపదే కాగితే తొందరగా చెడుతుంది. పోపుకూ కూరకూ హాయిగా వాడండి. పూరీ, గారెల రోజున వేరుశనగ నూనో, తవుడు నూనో మేలు. మిగిలిన నూనె వడగట్టి రెండు మూడు రోజుల్లో పోపుల్లో వాడేయండి, మళ్లీ మూకుడెక్కించకండి. నురగ కడుతున్నా, జిగురుగా అనిపించినా, ముందుకంటే తొందరగా పొగ వచ్చినా పారబోయడమే. హోటళ్లకైతే 2018 జులై నుంచి నిబంధన ఉంది: టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె కాగి చెడేకొద్దీ పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదు. బజ్జీల బండి దగ్గర అది కొలిచేవారెవరో నన్నడగొద్దు.

ఇంకొకటి, బేకరీ సరుకు. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే చెడు కొవ్వు) 2 శాతం దాటకూడదు. వనస్పతిలో ట్రాన్స్ తగ్గించాక గట్టిదనం కోసం దాని చోటులోకి ఎక్కువగా వచ్చింది పామ్ కొవ్వు. అందుకని బిస్కెట్ ప్యాకెట్ మీద "ట్రాన్స్‌ఫ్యాట్ 0" అని చూసి మురిసిపోకుండా, పక్క వరసలో 100 గ్రాములకు సంతృప్త కొవ్వు ఎంతో చూడండి. పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లలో ఆ అంకె 10 దాటడం మామూలే.

---

నాడి:

పై ఇద్దరూ కొవ్వు లెక్క బాగా చెప్పారు. నేను రిపోర్టు గురించి చెబుతాను, ఎందుకంటే ఈ రిపోర్టులో సమస్య కొవ్వు ఒక్కటే కాదు.

హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 210, హెచ్‌బీఏ1సీ 6.1. ఈ మూడూ కలిసి వచ్చాయంటే అన్నం, చక్కెర, పొట్ట చుట్టూ కొవ్వు వైపు చూడాలి. నెయ్యి, పాలు తగ్గించి ఆ ఖాళీని ఇంకో గరిటె అన్నంతో పూడిస్తే ఎల్‌డీఎల్ కొంచెం తగ్గుతుంది గానీ ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, హెచ్‌డీఎల్ ఇంకా దిగుతుంది. మన ఇళ్లలో "కొవ్వు మానేశా, అయినా తగ్గలేదు" అనే మాట వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను ఎలా పెంచుతుందంటే, కాలేయం ఉపరితలం మీద ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసుకునే గ్రాహకాలుంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది. కేలరీల్లో 1 శాతం సంతృప్త కొవ్వు తీసి ఆ చోట సన్‌ఫ్లవర్, నువ్వుల్లో ఉండే పాలీ అన్‌శాచురేటెడ్ కొవ్వు పెడితే ఎల్‌డీఎల్ సగటున 2 మి.గ్రా. తగ్గుతుంది. పిండిపదార్థం పెడితే 1.3 దాకా. కొలతచెంచా గారి లెక్క ప్రకారం రోజుకు 20 గ్రాములు తగ్గిందంటే అది 9 శాతం కేలరీలు, బాగా మార్చుకుంటే 18 మి.గ్రా. అంటే 156 కాస్తా 138, 140 దగ్గరికి వస్తుంది. 100కి దిగుతుందని ఆశ పెట్టుకోకండి.

మిగతాది పీచు చేయగలదు. రోజూ 7 నుంచి 10 గ్రాముల ఇసబ్గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్లలో తాగితే ఎల్‌డీఎల్ ఇంకో 5, 7 శాతం తగ్గుతుంది. వేరే మాత్రలకూ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి. నీళ్లు తగ్గిస్తే గొంతులోనే ఉబ్బుతుంది, మలబద్ధకం కూడా. రాత్రి అన్నం సగం చేసి ఆ చోట ఉడికించిన శనగలో, గట్టి పెసరపప్పో పెట్టండి. ఇది ట్రైగ్లిజరైడ్స్‌కు.

పరిశోధనల గొడవ సంగతి. "సంతృప్త కొవ్వుకూ గుండెజబ్బుకూ సంబంధం లేదు" అనేవారు 2010, 2014 విశ్లేషణలు చూపిస్తారు. వాటిలో కొవ్వు తక్కువ తిన్నవారు దాని బదులు ఏం తిన్నారో విడదీయలేదు. మైదా తిన్నవాడూ, గింజలు తిన్నవాడూ ఒకే గంపలో పడ్డారు. 1968-73 మధ్య జరిగిన మిన్నెసోటా పరీక్షనూ తెస్తారు. అక్కడ మొక్కజొన్న నూనెతో కొలెస్టరాల్ తగ్గినా మరణాలు తగ్గలేదన్నది నిజమే. కానీ 9,423 మందిలో ఏడాదికి పైగా ఆ తిండి తిన్నది నాలుగో వంతే. ధమనుల్లో పూడిక దశాబ్దాల పని, దాన్ని అంత తక్కువ కాలంలో తేల్చలేం. రెండో వైపు కూడా చెప్పాలి: సంతృప్త కొవ్వు తగ్గించి కనీసం రెండేళ్లు నడిపిన పరీక్షలు కలిపి 2020లో కోక్రేన్ చేసిన సమీక్షలో గుండెపోటు, పక్షవాతం లాంటి ఘటనలు మొత్తంగా 17 శాతం దాకా తగ్గాయి, మొత్తం మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా లేదు.

రక్త పరీక్ష గురించి కొన్ని మాటలు. తిండి మార్పు ఫలితం 6 నుంచి 8 వారాల్లో కనిపిస్తుంది, పదిహేను రోజులకే పరుగెత్తకండి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నాయి కాబట్టి 10, 12 గంటలు ఏమీ తినకుండా, అదే ల్యాబ్‌లో ఇవ్వండి. ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోండి, థైరాయిడ్ మందగిస్తే తిండి మార్చినా ఎల్‌డీఎల్ సరిగా దిగకపోవచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ (మీకు 198) రాసిపెట్టుకోండి, మీలాంటి రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ కంటే అదే నమ్మకమైనది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే అది డాక్టర్‌కు తప్పక చెప్పండి. అప్పుడు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టడం మూడు నెలల తిండి ఫలితం కోసం ఆగకపోవచ్చు.

---

ముద్దపప్పు:

చాలా థాంక్సండీ అందరికీ. పాలు దొంగ అని కలలో కూడా అనుకోలేదు. రెండు సందేహాలు. డబుల్ టోన్డ్‌తో తోడేస్తే పెరుగు నీళ్లలా జారుతుంది, ఇంట్లో ఎవరూ ముట్టరు. పైగా పాలవాడి దగ్గర గేదెపాలే తీసుకుని మీగడ తీసేస్తే సరిపోదా? రెండోది, నెయ్యిలో ఉండే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం పేగులకు మంచిదంటున్నారు, అది పోగొట్టుకోవడం కాదా?

---

కొలతచెంచా:

పెరుగు జారకుండా ఉండాలంటే లీటరు డబుల్ టోన్డ్ పాలకు రెండు టేబుల్‌స్పూన్ల స్కిమ్డ్ పాలపొడి ముందు కాసిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పోయండి. పొంగు వచ్చాక సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు తిప్పుతూ మరగనివ్వండి. ఈ మరిగించడమే కీలకం, పాలలోని ప్రొటీన్ అప్పుడే పెరుగును గట్టిగా పట్టుకుంటుంది. వేలు పెడితే వెచ్చగా తగిలే దశలో, లీటరుకు ఒక టీస్పూన్ తోడు వేసి కదపకుండా వదిలేయండి. వేడిగా ఉండగా వేస్తే పుల్లబడి నీరు వదులుతుంది.

గేదెపాలు కాచి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మీగడ తీస్తే కొవ్వు తగ్గే మాట నిజమే. కానీ ఎంత మిగిలిందో తూచలేం. పైగా ఆ మీగడ చిలికి కాచిన నెయ్యి మళ్లీ మీ పప్పులోకే వస్తుంది కదా. కొవ్వు ఇల్లు దాటలేదు, గిన్నె మారిందంతే. ఈ మూడు నెలలైనా ప్యాకెట్ పాలు తెస్తే లెక్క తేలిగ్గా ఉంటుంది.

---

గానుగెద్దు:

బ్యూటిరేట్ గురించి: నెయ్యిలో అది 3, 4 శాతమే. టీస్పూన్‌కు గ్రాములో ఆరో వంతు. అదీ పెద్దపేగు దాకా చేరకముందే జీర్ణమైపోతుంది. పెద్దపేగుకు కావలసిన బ్యూటిరేట్‌ను అక్కడి బ్యాక్టీరియా పీచులోంచి తయారుచేసుకుంటుంది, గోరుచిక్కుడు, శనగలు, పెసలు పెడితే చాలు. నెయ్యి తినేది రుచికి. ఆ ఒక్క టీస్పూన్ వేడి వేడి అన్నంలో ఆఖరున వేసుకోండి, పోపులో పోస్తే వాసనంతా పొయ్యి పాలు.