తిరుపతి ఎండలో సాల్మన్ పెంచొచ్చంట, నిజమేనా? చేపలు పెంచినోళ్ళు చెప్పండి

చంద్రగిరి_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె. ఎకరంన్నర మామిడి తోట, ఒక బోరు. మామిడి రేటు సంగతి మీకు చెప్పే పనిలేదు. మొన్న ఒక కన్సల్టెంట్ వచ్చాడు. షెడ్డు వేసి, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ పెట్టి, నీళ్ళు తిప్పి తిప్పి వాడుకుంటా చలిదేశాల చేప సాల్మన్ పెంచొచ్చంట. 50 లక్షల యూనిట్, సబ్సిడీ తనే తెప్పిస్తాడంట, పెద్ద హోటళ్ళోళ్ళు ఇంటికాడికే వచ్చి కొనుక్కుపోతారంట.
నా ప్రశ్నలు మూడు. ఇది అయ్యే పనేనా? కాకపోతే నీళ్ళూ నేలా పాడుగాకుండా పెంచే చేప ఏది? మా ఊరి చెరువులో చేపలు పెంచే సొసైటీతో కలిసి చేస్తే ఊరికి ఏమన్నా మిగులుతుందా? మా నాయనకి మూడోది ముఖ్యం, నాకు మొదటిది.

బైరాగిపట్టెడ_బాబాయ్
అబ్బాయా, ముందు అడ్వాన్సు ఇచ్చినావా లేదా అది చెప్పు. మిగతావి తర్వాత.
నేను ఏడు ట్యాంకుల బయోఫ్లాక్ పెట్టినోణ్ణి, అంటే తొట్లో మురికిని సూక్ష్మజీవులతో తినిపించే పద్ధతి. నాలుగు మీటర్ల టార్పాలిన్ తొట్లు, అన్నిట్లో జిలేబి చేప, అదే తిలాపియా. అయిదో నెల, చేప పావుకిలో దాటింది. వానాకాలం, రాత్రి ఒకటిన్నరకి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నేను స్కూటర్ మీద పోయేసరికి మూడు. టార్చి వేస్తే తొట్టి మొత్తం నోళ్ళే. నీళ్ళ పైకి వచ్చి గుటకలు వేస్తా ఉండాయి, ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేనూ మా బావమరిదీ బక్కెట్లతో నీళ్ళు ఎత్తి పోసినాం, ఎంతసేపు పోస్తాం? తెల్లారేసరికి అయిదు తొట్లలో తెల్ల కడుపులు తేలినాయి. కొబ్బరిచెట్ల కింద గుంతలు తీసి పూడ్చినాం. ఆ చెట్లు మాత్రం ఇప్పుడు విరగకాస్తా ఉండాయి.

కొరమీను_రాజు
బాబాయ్, అందుకే చెప్పేది జిలేబి వద్దు, కొరమీను వెయ్యండని. దానికి గాలి పీల్చే అవయవం ఉంది, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్ ఆగినా పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. 11 ఏళ్ళుగా ఇదే పని నాది. ఈ జిల్లాలో నాకంటే ముందు పెల్లెట్ (గింజల) మేతకి కొరమీను అలవాటు చేసినోడు ఉంటే ఇక్కడికి వచ్చి చెప్పమనండి.

పలమనేరు_పాలకేంద్రం
రాజన్నా, ఒకదాన్నొకటి తింటాయని నువ్వు చెప్పవే? నేను మూడు వేల పిల్లలు వేస్తే పట్టేనాటికి నాలుగు వందలు. మిగిలినవి దొంగలెత్తుకుపోయినారని మూడు నెలలు కాపలా పడుకున్నా.

కొరమీను_రాజు
సైజు వారీగా ఏరి వేరు చెయ్యకపోతే అంతే. పది పదిహేను రోజులకొకసారి గ్రేడింగ్ చెయ్యాల. పెద్దదాని పక్కన చిన్నది పెట్టి, చేపని తిట్టడమెందుకు?

సత్యవేడు_సామి
సాల్మన్ ఏందో కొత్తగా మాట్లాడతా ఉండారు. మా సత్యవేడులో ఆదివారం ఆదివారం తింటాం. చెన్నై కాశిమేడు నుంచి వస్తుంది. కిలో ఏడెనిమిది వందలు. దానికి చిల్లర్ ఎందుకప్పా?

నాగలాపురం_టు_నార్వే
సామీ, మీరు తినేది సాల్మన్ కాదు, కాలా. మన బంగాళాఖాతం చేప, మూతి కింద మీసాల్లాగా నాలుగు పోగులు ఉంటాయి. అమ్మేవాళ్ళు 'ఇండియన్ సాల్మన్' అని పేరు పెట్టారు, అంతే. నార్వేలో పెంచే అట్లాంటిక్ సాల్మన్‌కీ దానికీ చుట్టరికం కూడా లేదు.

సత్యవేడు_సామి
బోర్డు మీద సాల్మన్ అనే రాసుంది. ఫోటో పెట్టమంటే పెడతా.

నాగలాపురం_టు_నార్వే
బోర్డు మీద రాస్తే అయిపోతుందా? నేను పనిచేసేదే ఫ్రోయా దీవిలో సాల్మన్ ఫారంలో.

సత్యవేడు_సామి
నార్వే పోయినంత మాత్రాన మేం తినే చేప పేరు మాకు తెలీదనుకోవద్దు. మా అమ్మమ్మ కాలా పులుసు పెట్టేది, ఇది అది కాదు. ముక్క రంగు వేరే.

తడ_తెప్ప
అబ్బయ్యా, నేను చెప్తా వినండి, మాది పులికాట్ ఒడ్డు. సామి తినేది కాలానే. మేం మాగ అంటాం. ముక్క తెల్లగా ఉంటే మాగ. నారింజరంగులో ఉండి కొవ్వు చారలుంటే వాళ్ళ సాల్మన్. సామీ, ముక్క ఏ రంగు?

సత్యవేడు_సామి
తెలుపే. అయినా పులుసులో పడ్డాక రంగెవడు చూస్తాడు.

బైరాగిపట్టెడ_బాబాయ్
అడ్వాన్సు సంగతి అబ్బాయి చెప్పనే లేదు.

నాగలాపురం_టు_నార్వే
అసలు ప్రశ్నకి వస్తా. సాల్మన్‌కి 8 నుంచి 14 డిగ్రీల నీళ్ళు హాయి. 20 దాటితే మేత మానేస్తుంది, జబ్బు పడుతుంది. మన బోరు నీళ్ళే 28 పైన, మే నెల్లో బయట 42. చిల్లర్ రాత్రీ పగలూ తిరగాలి. చేప చేతికి రావడానికి గుడ్డు నుంచి రెండున్నర మూడేళ్ళు. మొదటి ఏడాది, ఏడాదిన్నర ఒడ్డు మీద మంచినీళ్ళ తొట్లలో, తర్వాత సముద్రంలో వలల్లో. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు తమ్ముడూ? మన దేశంలో హిమాచల్, కాశ్మీర్, సిక్కింలో దీని కుటుంబానికే చెందిన ట్రౌట్ పెంచుతారు. అక్కడ కొండవాగు ఊరికే చల్లగా వస్తుంది కాబట్టి.
నా పని చెప్తా. గదిలో కూర్చుని తెరల మీద నీళ్ళ అడుగు కెమెరాలు చూడటం. మేత గొట్టంలో గాలితో వెళ్ళి వల మధ్యలో చిమ్ముతుంది. చేపలు పైకి రావడం తగ్గి గింజలు కిందికి జారుతున్నాయంటే ఆపెయ్యాలి. ఆ జారిన గింజే సముద్రం అడుగున కుళ్ళేది. ఒక వలలో 2 లక్షల చేపలకు మించకూడదు, ఘనపు మీటరుకి 25 కిలోలు దాటకూడదు, ఒక విడత పట్టేశాక ఆ చోటు కనీసం రెండు నెలలు ఖాళీగా వదలాలి. ఇవన్నీ చట్టం.

కొరమీను_రాజు
25 కిలోలేనా? పనికిమాలిన లెక్క. మన కేంద్రం చేపల పథకం, మత్స్య సంపద యోజనలోనే చూడండి, 90 ఘనపు మీటర్ల తొట్లు ఎనిమిది, 50 లక్షల యూనిట్, పంటకి 40 టన్నులు. అంటే మీటరుకి 55 కిలోలు. మనమే ముందున్నాం.

పలమనేరు_పాలకేంద్రం
కాగితం మీద మనం ఎప్పుడూ ముందే అన్నా.

నాగలాపురం_టు_నార్వే
రాజు గారూ, నేను చెప్పింది సముద్రంలో వల గురించి. మీరు చెప్పేది నీళ్ళు వడగట్టి తిప్పే పద్ధతి. అందులో ఆక్సిజన్ విడిగా ఎక్కిస్తారు, అమ్మోనియా తినే బ్యాక్టీరియాకి వేరే తొట్టి ఉంటుంది. రెండూ పోల్చకూడదు.

కొరమీను_రాజు
నాకు బ్యాక్టీరియా నేర్పిస్తా ఉండావా? నువ్వు నారు పోసే నాటికి నేను కోత కోసినా.

బైరాగిపట్టెడ_బాబాయ్
నాకు అమ్మిన కన్సల్టెంట్ ఒక టార్పాలిన్ తొట్టికి టన్ను అన్నాడు. నాలుగు మీటర్ల తొట్టి, నాలుగడుగుల నీళ్ళు, పదిహేను వేల లీటర్లు. అంటే ఘనపు మీటరుకి 66 కిలోలు! ఆ లెక్క ఆ రోజు నేనెందుకు వెయ్యలేదో ఆ ఏడుకొండలవాడికే తెలియాల. మూడు వందల కిలోలు వస్తే దండం పెట్టుకోవాల. పైగా రోజూ బెల్లం. మేతలోంచి వచ్చే అమ్మోనియాని సూక్ష్మజీవులు తినాలంటే వాటికి కార్బన్ కావాలంట. చిత్తూరు మండీలో బెల్లం కొంటుంటే కాపు సారా కాస్తా ఉండావా అని అడిగినారు.

రామచంద్రాపురం_రెడ్డెమ్మ
ఇంతమంది మగోళ్ళు మాట్లాడినారు, ఆ అబ్బాయి మూడో ప్రశ్న ఒక్కరూ ముట్టలేదు. వాళ్ళ నాయనకి బుద్ధి ఉంది.
మాది రాయలచెరువు కింద ఆయకట్టు. 2021 నవంబరు వానలకి కట్ట లీకయి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించినారే, ఆ చెరువు. చుట్టుపక్కల చిన్న చెరువుల్లో మొరవ పారి చేపలన్నీ కొట్టుకుపోయినాయి. మా అన్న కొడుకు సొసైటీ సభ్యుడు, అప్పుచేసి పిల్లలు వదిలినారు. మా చేలో మడవలో రెండు కిలోల బొచ్చె దొరికింది నాకు. దాన్ని తినాలా వాళ్ళకి ఇయ్యాలా అని ఆలోచించి, ఇచ్చి వచ్చినా.
చెరువులో చేప అంటే తొట్టి లెక్క కాదు. పైన బొచ్చె, నడుమ రోహు, అడుగున మోసు, ఒకదాని మేత ఇంకోటి ముట్టదు. పేడ, తవుడు, చెనిక్కాయ చెక్క చాలు, కరెంటు అక్కర్లేదు. తగాదా అంతా నీళ్ళకాడ. నాట్లప్పుడు మేం తూము ఎత్తమంటాం, చేప ఎదగలేదు దించమని వాళ్ళంటారు. నీరుగంటి మధ్యలో నలిగిపోతాడు.

కుప్పం_కాకి
అమ్మా, సొసైటీ అంటారు గానీ మా దగ్గర కాగితం మీద సొసైటీ, వెనక పెట్టుబడి బయటూరి వ్యాపారిది. పట్టిన రోజు లారీ నేరుగా బెంగళూరు పోతుంది. సభ్యుడికి వల లాగిన కూలి, సాయంత్రానికి ఒక సంచీ చేపలు.

రామచంద్రాపురం_రెడ్డెమ్మ
ఆ పెట్టుబడి ఊళ్ళో ఎవరు పెడతారు చెప్పు. మన బ్యాంకులు బర్రెకిచ్చినంత సులువుగా చేపకియ్యవు, బర్రె కంటికి కనబడుతుంది.

నాగలాపురం_టు_నార్వే
ఇక్కడ దీనికే పెద్ద గొడవ జరిగింది. పెంపకానికి కొత్త అనుమతులు అమ్మితే వచ్చే డబ్బులో వాటా తీరం ఊళ్ళకి పంచడానికి 2016లో ఒక నిధి పెట్టారు. నేనున్న దీవిలో బడి, రోడ్డు గురించి మాట్లాడేటప్పుడు ఆ నిధి మాట రాకుండా ఉండదు. 2023లో సాల్మన్ కంపెనీల మీద అదనంగా 25 శాతం పన్ను వేశారు, సముద్రం అందరిదీ కాబట్టి లాభంలో అందరికీ వాటా అని. కంపెనీలు ఉద్యోగాలు పోతాయని గోల చేశాయి. కుర్రాళ్ళు దీవి వదిలి పోకుండా ఉన్నారంటే ఈ చేప వల్లే, అది మాత్రం కళ్ళారా చూస్తున్నా.

తడ_తెప్ప
అంత బాగుంటే కెనడాలో ఎందుకు వద్దంటున్నారు? బ్రిటిష్ కొలంబియా తీరంలో వల ఫారాలు 2029కల్లా తీసెయ్యాలని వాళ్ళ ప్రభుత్వమే 2024లో చెప్పింది గదా. అమెరికాలో 2017లో వల తెగి లక్షల్లో చేప సముద్రంలో కలిసింది. మీ నార్వేలో 2023లో సముద్రంలో పెంచే సాల్మన్‌లో 16.7 శాతం చచ్చిపోయింది. ఆ లెక్క మీరు ఎత్తరే?

నాగలాపురం_టు_నార్వే
ఎత్తకపోవడమేంటి, చచ్చిన చేప తీసేది మేమే. చేప చర్మానికి పట్టే సముద్రపు పేను పెద్ద పీడ. సగటున రెండు చేపలకి ఒక ఆడపేను దాటితే మందో, గోరువెచ్చని నీళ్ళో పెట్టాలి, ఆ వైద్యానికే కొన్ని పోతాయి. కానీ ఒకటి, టీకాలు వచ్చాక యాంటీబయాటిక్ వాడకం దాదాపు లేదు. మన రొయ్యల చెరువుల సంగతి నేను చెప్పను, మీరే చెప్పండి.

తడ_తెప్ప
రొయ్యల చెరువు మాది కాదబ్బా, మా నెత్తిన పెట్టింది. మాది పులికాట్. సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు ముఖద్వారం ఇసకతో పూడిపోతే ఉప్పునీళ్ళు లోపలికి రావు, పిల్ల చేప రాదు, రొయ్య రాదు. మా నాయన కాలంలో తెప్ప వేసుకుని మధ్యాన్నానికి ఇల్లు చేరేవాళ్ళు. ఇప్పుడు మా వాళ్ళు సగం మంది శ్రీసిటీలో షిఫ్టులకి పోతున్నారు. ఇంకో మాట. పెంచే చేపకి మేతేంది? చిన్న చేపల పొడి. కవళ్ళు మా పేదోడి కూర. అవి పొడి ఫ్యాక్టరీకి పోతే మేం తినేదేంది?

నాగలాపురం_టు_నార్వే
ఆ మాట నిజం. 1990 ప్రాంతంలో సాల్మన్ మేతలో పదింట తొమ్మిది వంతులు సముద్రపు సరుకే. ఇప్పుడు పావు వంతు అటూ ఇటూ, మిగతాది సోయా, గోధుమ, నూనెలు. కిలో చేపకి కిలో పావు మేత దాకా.

కొరమీను_రాజు
కొరమీనుకి నేను కోడి పేగులు వేసి పెంచినా మొదట్లో. వాసనకి పక్క తోటోడు పంచాయితీ పెట్టినాడు. పెల్లెట్‌కి మారింది అందుకే, సస్టైనబుల్ గిస్టైనబుల్ నాకు తెలీదు.

పలమనేరు_పాలకేంద్రం
మొత్తానికి 11 ఏళ్ళ అనుభవం వెనక పంచాయితీ ఉందన్నమాట 😀

కొరమీను_రాజు
నవ్వు. నా దగ్గరికి పిల్లలకి వస్తావుగా, అప్పుడు చెప్తా రేటు.

నిర్వాహకుడు
వ్యక్తిగత మాటలు వద్దు. రేట్ల బెదిరింపులు కూడా.

చంద్రగిరి_కుర్రోడు
అందరికీ థాంక్స్. నాయనకి అంతా చదివి వినిపించినా. రెడ్డెమ్మ గారి మాటలు రెండుసార్లు చదివించుకున్నాడు. శనివారం సొసైటీ ప్రెసిడెంటు దగ్గరికి పోదామంటా ఉండాడు. చెరువులో ఇప్పుడు నడుం లోతు ఉన్నాయి నీళ్ళు, ఈ ఏడు పిల్లలు వదిలితే ఎదుగుతాయా?

రామచంద్రాపురం_రెడ్డెమ్మ
నడుం లోతంటే ఎండాకాలానికి మోకాలు. బొటనవేలంత పిల్ల వేస్తే కొంగలకి పండగ. జానెడు పిల్ల దొరికితే వెయ్యండి, కిలో కాకపోయినా ముప్పావు కిలో అవుతుంది. ముందు చెరువు అడుగున మిగిలే నీళ్ళు తోడుకోబోమని ఆయకట్టు వాళ్ళతో మాట రాయించుకోండి.

బైరాగిపట్టెడ_బాబాయ్
మూడోసారి అడుగుతా ఉండా. అడ్వాన్సు?

చంద్రగిరి_కుర్రోడు
50 వేలు ఇచ్చినా బాబాయ్. నాయనకి తెలీదు.

బైరాగిపట్టెడ_బాబాయ్
రసీదు ఉందా? కేంద్ర పథకంలో సబ్సిడీ మామూలోళ్ళకి 40 శాతం, ఆడోళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి 60. దరఖాస్తు మత్స్యశాఖకి మనమే పెట్టుకోవచ్చు, మధ్యలో ఎవడూ అక్కర్లేదు. రసీదు ఉంటే ఫోటో పెట్టు, పేరూ నంబరూ కొట్టేసి.

చంద్రగిరి_కుర్రోడు
ఉంది. ఇప్పుడే తీసి చూసినా. "చేప పిల్లల నిమిత్తం అడ్వాన్సు" అని ఉంది. ఏ చేపో రాయలేదు.

సత్యవేడు_సామి
కాలా అయ్యుంటుంది.