తాళం తిప్పగానే ట్యాంకులోంచి కూయ్‌మని మోత, ఫ్యూయల్ పంప్ పోయినట్టేనా?

సగంట్యాంకు:
అందరికీ నమస్తే. నాది ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బ్యురేటర్ లేని) బండి, ఆరేళ్ల పాతది, 48,000 కిలోమీటర్లు తిరిగింది. తాళం తిప్పితే రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మని ఆగిపోవడం మొదటి నుంచీ ఉంది, అది మామూలేనని తెలుసు. ఓ మూడు వారాలుగా ఆ జుయ్ కాస్తా కూయ్ అయింది. ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ సీటు ముందు నుంచి చెవిలో దోమ దూరినట్టు ఒకటే మోత. పొద్దున తీసినప్పుడు తక్కువగా ఉంటుంది, గంటసేపు నడిపాక బాగా పెరుగుతుంది. స్టార్టింగ్ బాగానే ఉంది, పికప్ తగ్గలేదు, మైలేజీ కూడా ఎప్పటిలాగే వస్తోంది. మెకానిక్‌కి చూపిస్తే అలా నిలబడే విని, ట్యాంకు మీద చెయ్యి కూడా వేయకుండా, పంప్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నాడు. మార్చేయాలా, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా? దారి మధ్యలో ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

పానాపెట్టె:
అసలది పంపేనా అన్నది ముందు తేల్చుకోండి. బండి న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ మెల్లగా తిప్పండి. చాలా బండ్లలో పంపు ఒకటే వేగంతో తిరుగుతుంది, ఇంజన్ వేగంతో దానికి పని లేదు, ఎక్కువైన పెట్రోలు రెగ్యులేటర్ (ఒత్తిడిని అదుపులో ఉంచేది) గుండా మళ్లీ ట్యాంకులోకే పోతుంది. కాబట్టి రేజ్ చేసినప్పుడు కూత కూడా పైకి లేస్తుంటే అది పంపు కాదు, బేరింగో చెయిన్ టెన్షనరో చూసుకోవాలి. మోత మారకుండా ఒకే శ్రుతిలో ఉంటే పంపే.
ఇంకోటి, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది? రిజర్వ్ పడేదాకా నడిపే అలవాటుందా?

సగంట్యాంకు:
ఇప్పుడే చూశాను అన్నా, రేజ్ చేసినా మోత మారలేదు. పావు ట్యాంకు కిందికి వస్తేనే ఎక్కువ. రిజర్వ్ అలవాటా అంటే... ఆ ఎర్ర లైటు వెలిగాక ఇంకెంత దూరం పోతుందో చూడటం నాకో సరదా, ఏం దాస్తాను.

పానాపెట్టె:
దొరికావు. పంపు మోటారు పెట్రోల్లో మునిగి ఉంటుంది కదా, దాన్ని చల్లబరిచేదీ తడిగా ఉంచేదీ ఆ పెట్రోలే. అది అడుగంటితే పంపు వేడెక్కుతుంది. పైగా నిండు ట్యాంకులో ఆ మోతను పెట్రోలే మింగేస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకు డప్పులా మోగుతుంది. ముందు ఫుల్ ట్యాంక్ కొట్టించి రెండు రోజులు నడిపి చూడు.

జల్లెడ:
పానాపెట్టె గారు చెప్పింది కరెక్టే. కానీ మూడు వారాల్లోనే ఇంత తేడా వచ్చిందంటే నాకు అనుమానం స్ట్రైనర్ మీద. పంపు నోటికి తొడిగి ఉండే సన్నని జల్లెడ సంచి, కొందరు సాక్స్ అంటారు. అందులో మట్టి, తుప్పు పేరుకుంటే పంపు గట్టిగా పీల్చాల్సి వస్తుంది, పీల్చేచోట ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడి పడిపోతే పెట్రోలు అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతుంది. మీరు వినే కూత చాలావరకు ఆ బుడగలదే. గంట నడిపాక పెరగడం కూడా దీనితో సరిపోతుంది, ఎందుకంటే వేడెక్కిన పెట్రోలు ఇంకా తొందరగా బుడగలవుతుంది. ఈ స్థితిలో కొత్త పంపు వేసి పాత జల్లెడే ఉంచితే కొత్తది కూడా కూస్తుంది.
ట్యాంకు విప్పే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. మోత బాగా ఉన్నప్పుడు బండి ఆపి, ఇంజన్ కాస్త చల్లారాక, ట్యాంకు మూత తీయండి. ఉస్సుమని గాలి లోపలికి పోయిందంటే బ్రీదర్ రంధ్రం మూసుకుపోయినట్టు. పెట్రోలు తగ్గినంత మేరకు గాలి లోపలికి రావాలి, రాకపోతే పంపు ఆ లాగుడుతో కుస్తీ పట్టాల్సిందే. బండి కడిగేటప్పుడు మూత చుట్టూ చేరే మురికి చాలు, ఆ రంధ్రం పూడిపోవడానికి.

రోడ్డుపక్కోడు:
ఒక్క మాట. మోత వస్తే పంపు పోయినట్టేం కాదు, నిజమే, కానీ ఇవన్నీ చదివి మరీ ధీమాగా ఉండకండి. నా పాత బండి పంపు ఇలాగే నెల రోజులు కూసింది, నేను పాటలు పెట్టుకుని తిరిగాను. తర్వాత వేడెక్కితే ఆగిపోవడం, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ కావడం మొదలైంది. అది కూడా పట్టించుకోలేదు. ఓ రోజు ఎత్తు రోడ్డు మీద లారీని దాటుతుంటే, సగం దాటాక, బండి వెనక్కి గుంజినట్టయింది. ఆ తర్వాత సంగతి నా పేరు చూస్తే తెలుస్తుంది. వేడికి ఆగడం, ఫుల్ థ్రాటిల్‌లో తడబడటం, పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, వీటిలో ఏ ఒక్కటి కలిసినా ఇక మోత సంగతి వదిలేసి ఫ్యూయల్ ప్రెషర్ కొలిపించండి. చాలా బండ్లకు 3 బార్ దగ్గర ఉంటుంది, మీ మోడల్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ పెట్టకుండా పంపు మార్చమనేవాడి మాట నేనైతే వినను.

జల్లెడ:
గేజ్ మాట నూటికి నూరుపాళ్లు. దానితోపాటే పంపు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) దగ్గర వోల్టేజీ కూడా చూడమనండి, పంపు తిరుగుతుండగా. బ్యాటరీ దగ్గరికీ అక్కడికీ అర వోల్టు మించి తేడా ఉంటే పిన్నులకు పచ్చ తుప్పు పట్టిందేమో చూడాలి. కాకపోతే కరెంటు సరిగా అందని పంపు కూయదు, మూలుగుతుంది. మీది కూత.

తుప్పుట్యాంకు:
విప్పే పని మీరే పెట్టుకుంటే మాత్రం జాగ్రత్త బాబూ. పైపులో ఒత్తిడి ఉంటుంది, అలాగే పీకితే పెట్రోలు మొహాన చిమ్ముతుంది. ముందు పంపు కప్లర్ పీకి ఇంజన్ స్టార్ట్ చేయండి, పైపులో ఉన్నది తాగేసి దానంతటదే ఆగుతుంది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, గాలి బాగా ఆడే చోట, దగ్గర్లో ఏ నిప్పూ లేకుండా పని మొదలుపెట్టండి. బయటికి తీసిన పంపుని తిరుగుతుందో లేదో చూద్దామని ఉత్తినే బ్యాటరీకి తగిలించొద్దు. ఎండిన పంపు పాడైపోతుంది, చుట్టూ ఉన్న పెట్రోలు ఆవిరి సంగతి వేరే చెప్పక్కర్లేదు.
పంపు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు కూడా చూడండి. గట్టిపడినా జారిపోయినా ఆ అదురంతా నేరుగా ట్యాంకు రేకుకి వెళ్తుంది.

సగంట్యాంకు:
అప్‌డేట్ ఇవ్వడం లేటయింది, సారీ. మూత తీస్తే ఉస్సు లేదు, బ్రీదర్ బాగానే ఉంది. ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే మోత సగానికి తగ్గింది, సగం ట్యాంకుకి వచ్చేసరికి మళ్లీ మొదలు. వేరే మెకానిక్ దగ్గర గేజ్ పెట్టించాను, ప్రెషర్ మాన్యువల్‌లో ఉన్నంతే ఉంది. నిన్న ఇద్దరం కలిసి విప్పాం. తెల్లగా ఉండాల్సిన స్ట్రైనర్ ఇటుక రంగులో ఉంది, వేలితో నొక్కితే మెత్తని పొడి బురదలా పైకి వచ్చింది. ట్యాంకు అడుగున మూలగా, అరచేయంత మేర తుప్పు. స్ట్రైనర్ ఒక్కటే కొత్తది వేశాం.
ఒక తమాషా జరిగింది. పంపు కింద పెట్రోలు కారకుండా ఉండే ‘ఓ-రింగ్’ అనే రబ్బరు చుట్ట పెట్రోలు తాగి ఎంత ఉబ్బిందంటే, గాడిలో ఒక పక్క కూర్చోబెడితే ఇంకో పక్క లేచి వచ్చేది, అరగంట దానితోనే కుస్తీ. చివరికి కొత్తది తెచ్చి వేశాం.
ఇప్పుడు తాళం తిప్పితే పాత జుయ్ వినిపిస్తోంది. బాగా వేడెక్కాక కాస్త గట్టిగా ఉంటుంది కానీ పక్కబండివాళ్లు తిరిగి చూడటం లేదు.

తుప్పుట్యాంకు:
పాత ఓ-రింగ్ పారేయకు, ఒక రాత్రి ఆరబెడితే మళ్లీ మామూలు సైజుకి వస్తుంది. పగుళ్లు లేకపోతే అవసరానికి పనికొస్తుంది. అది సరే, ట్యాంకులో తుప్పు సంగతేం చేశారు? అది అలాగే ఉంటే కొత్త జల్లెడ కూడా ఇటుక రంగుకి రావడానికి ఎన్నాళ్లో పట్టదు. ట్యాంకు ఎప్పుడూ ఖాళీగా తిప్పితే లోపలి గాలిలో తేమ రేకు మీద చెమటలా పడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే నీళ్లను ఇంకా పీలుస్తుంది.

సగంట్యాంకు:
వచ్చే ఆదివారం ట్యాంకు దించి కడిగిస్తున్నా అన్నా. అప్పటిదాకా సగానికి తగ్గనివ్వను. పేరు ఊరికే పెట్టుకోలేదు, ఇందాకే మార్చుకున్నా.