ఉప్పు నేలకు వరి వరుసలను (ప్రజననంలో పెంచే వంశాలను) ఎంచేటప్పుడు వేరు పొడవును నమ్మవచ్చా?

ప్రశ్న: నెల్లూరు అమ్మాయి, చెన్నై
పెద్దలకు నమస్కారం. నేను చెన్నైలో వరి ప్రజననంపై ఎమ్మెస్సీ పరిశోధన చేస్తున్నాను. రెండు వారాల నారును మీటరుకు 12 డెసీసీమెన్ల (విద్యుత్ వాహకతతో ఉప్పదనాన్ని కొలిచే ప్రమాణం) ఉప్పున్న పోషక ద్రావణంలో ఉంచాను. అన్నిటికన్నా పొడవైన వేర్లు వేసిన వరుసలోనే ఎనిమిదో రోజుకు ఆకు కొసలు తెల్లబడి, పాత ఆకులు గొట్టంలా చుట్టుకుపోయాయి. వేర్లు పొట్టిగా ఉన్న, ఉప్పును తట్టుకునే కేరళ వరి పొక్కాలి సంతతి వరుస మాత్రం పచ్చగానే నిలిచింది. వేరు పొడవును ఎంపిక లక్షణంగా పెట్టుకోవడం నా పొరపాటా?

జవాబు: వరి మడి, చెన్నై
అమ్మా, మీరు చూసింది సరైనదే. వరిలో సోడియం చాలావరకు కణగోడల సందుల వెంట, అంతశ్చర్మం (వేరు లోపలి కాపలా పొర) ఇంకా గట్టిపడని లేత కొసల దగ్గర, పక్కవేర్లు చీల్చుకొని వచ్చే చోట్ల దారువులోకి, అంటే నీటిని పైకి మోసే నాళాల్లోకి, జారిపోతుంది. అందువల్ల వేరు ఎంత పెరిగినా ఆ దారులు మూసుకోకపోతే ఆకుకు రక్షణ ఉండదు. రెండో కాపలా హెచ్‌కేటీ అనే, సోడియాన్ని కణాల్లోకి చేరవేసే రవాణా ప్రోటీనుది. దారువులో చేరిన సోడియాన్ని అది పక్క కణాల్లోకి వెనక్కి లాగుతుంది. దాని జన్యువు ఒకటో క్రోమోజోముపై, పొక్కాలి నుంచి గుర్తించిన, ఉప్పును తట్టుకునే గుణానికి సంబంధించిన సాల్టాల్ అనే ప్రాంతంలోనే ఉంది. 2005లో నోనా బొక్రా అనే దేశవాళీ వరి నుంచి ఆ జన్యువును వేరుచేశారు. అదే కుటుంబపు జన్యువును ఆస్ట్రేలియా పరిశోధకులు పాతకాలపు గోధుమ జాతి నుంచి డ్యూరం గోధుమలోకి తెచ్చినప్పుడు, ఉప్పు పొలంలో దిగుబడి 25 శాతం పెరిగిందని 2012లో వెల్లడించారు. మీరు ఆకులను ఎండబెట్టి, ఫ్లేమ్ ఫోటోమీటరుతో (మంట రంగును బట్టి లవణాలను కొలిచే పరికరంతో) సోడియం, పొటాషియం నిష్పత్తి చూడండి.

జవాబు: దివిసీమ రైతుబిడ్డ, బెంగళూరు
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక మనవి: వేరు ఆకృతిని పూర్తిగా వదిలేయకండి. పొడవుకన్నా వేరు వాలిన కోణం ముఖ్యం. మా ఊళ్లో ఉప్పెక్కిన మడిలో దుబ్బు పెకలిస్తే, తెల్లని వేర్లన్నీ పై రెండు అంగుళాల్లోనే కనిపించేవి. కిందివి నల్లబడి కుళ్లు వాసన వచ్చేవి. సోడియం వల్ల మట్టి పలుకులు విడిపోయి, లోపలికి గాలి అందక వేరు ఊపిరాడని స్థితికి చేరుతుంది. 2020లో జపాను పరిశోధకులు, వేర్లను పైపొరలో పరిచే జన్యురూపం ఉప్పు మడిలో దిగుబడిని కాపాడిందని చూపారు. 2013లో వెల్లడైన డీఆర్ఓ1 అనే జన్యువు దీని సోదర జన్యువే, కానీ అది వేర్లను లోతుకు పంపి కరువులో ఆదుకుంటుంది. పూతదశలో మళ్లీ పరీక్షించడం మరువకండి, నారులో తట్టుకున్న వరుస పూతలో తట్టుకుంటుందన్న హామీ లేదు.

నెల్లూరు అమ్మాయి
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ వారమే ఆకులు ఎండబెడతాను. కోణం కొలవడానికి, మట్టి నింపిన బుట్టల్లో పెంచి వేర్లు ఏ గడిలోంచి బయటకు వచ్చాయో లెక్కపెట్టే పద్ధతి సరిపోతుందా?