డయాలసిస్ పేషెంట్‌కి ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) 3.1. గుడ్లు, పప్పు ఇంకా మానిపించాలా?

కాశీబుగ్గ:
అమ్మకు 56 ఏళ్లు, షుగర్ లేదు. వారానికి రెండు డయాలసిస్‌లు, ఫిస్టులా (డయాలసిస్ సూదులకోసం చేతిలో కలిపిన రక్తనాళం) ద్వారా. డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు) 50 కిలోలు, ఏడాదిగా అదే. ఆల్బుమిన్ 3.1, ఫాస్ఫరస్ 5.2, పొటాషియం 5.4. జబ్బలు సన్నబడ్డాయి, కాళ్లు మాత్రం వాస్తున్నాయి. డయాలసిస్‌కి ముందు రాసిచ్చిన డైట్ చార్టే నడుస్తోంది: గుడ్డు, పప్పు, మాంసం బంద్. క్రియాటినిన్ 9 నుంచి 6.5కి దిగింది, అది మంచిదేగా? ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టాలా?

రీనల్ డైటీషియన్:
ముందు ఆ చార్ట్ పక్కన పడేయండి. అది డయాలసిస్ దాకా వెళ్లకుండా కిడ్నీని కాపాడుకునే రోజులది. అప్పుడు కిలో బరువుకి 0.6–0.8 గ్రాముల ప్రోటీన్ చాలు. ఇప్పుడు 1.0–1.2 కావాలి, ఎందుకంటే ఒక్కో సెషన్‌లో 6–12 గ్రాముల అమైనో ఆమ్లాలు ఫిల్టర్‌లోంచి పోతాయి. అంటే అమ్మగారికి రోజుకి 50–60 గ్రాములు. కేలరీలు 1500–1750 ఉండాలి, అవి తగ్గితే తిన్న ప్రోటీన్ కండకి పట్టదు, వంటచెరకులా కాలిపోతుంది.

రోజు మొత్తానికి లెక్క ఇలా వేసుకోండి: నాలుగు గుడ్ల తెల్లసొన 14 గ్రాములు, 100 గ్రాముల పచ్చి చేప 18, 200 గ్రాముల బియ్యం 14, 30 గ్రాముల కందిపప్పు 6, మూడు ఇడ్లీలు 6, చిన్న కప్పు పెరుగు 3. వంటనూనె మూడు చెంచాలు (పెద్దవి) తగ్గకూడదు, కేలరీలు అక్కడే నిండుతాయి. ఫాస్ఫరస్ ఉండేది పచ్చసొనలో, తెల్లసొనలో దాదాపు ఉండదు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసి ఉంటే అన్నంతోపాటే వేయండి, ఖాళీ కడుపున వేస్తే దండగ.

క్రియాటినిన్ దిగిందని సంబరపడకండి. డయాలసిస్ పెంచకుండానే దిగిందంటే కండ కరిగిందేమోనని అనుమానించాలి.

డయాలసిస్ టెక్నీషియన్:
డ్రై వెయిట్ ఏడాదిగా కదలకపోవడమే నాకు తేడాగా ఉంది. రెండు కిలోల కండ పోయి రెండు కిలోల నీరు చేరినా కాటా మీద 50 అనే కనిపిస్తుంది. వాపు దాని వల్లే కావచ్చు, ఆల్బుమిన్ కొంత పలచబడి కూడా తక్కువ చూపిస్తుంది. డ్రై వెయిట్ మళ్లీ చూడమని నెఫ్రాలజిస్ట్‌ని అడగండి, కానీ మీరే తగ్గించమని టెక్నీషియన్‌కి చెప్పకండి, బీపీ పడిపోతుంది. సెషన్ ముందు బైకార్బనేట్ 22 కన్నా తక్కువుంటే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు, ఆ ఆమ్లమే కండను కరిగిస్తుంది. సీఆర్‌పీ (ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ జాడ చూపే రక్తపరీక్ష) కూడా చేయించండి, ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ దాగి ఉంటే ఎంత తిన్నా ఆల్బుమిన్ లేవదు. జబ్బ చుట్టుకొలత నెలకోసారి ఫిస్టులా లేని చేతికి, డయాలసిస్ అయ్యాక కొలవండి.

వంటింటి లెక్క:
పప్పు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ కట్టు పారబోయండి. కట్టుతో చారు పెట్టి అమ్మగారికే పోస్తే వంచిన పొటాషియమంతా మళ్లీ కడుపులోకే. దుంపలు సన్నగా తరిగి ఉడికించి నీళ్లు వంచాలి. కొబ్బరినీళ్లు అసలొద్దు. ‘లో సోడియం’ ఉప్పు ఇంకా ప్రమాదం, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. చేప అన్నారని ఎండుచేప పెట్టేరు, ఉప్పుకి దాహమేసి నీళ్లు తాగుతారు.

కాశీబుగ్గ:
పౌడర్ సంగతి? మెషీన్ మీద ఉన్నప్పుడు తినొచ్చా?

రీనల్ డైటీషియన్:
తెల్లసొన తినగలిగితే పౌడర్ తొందరేం లేదు. వికారం వల్ల తినలేకపోతే డయాలసిస్ వాళ్లకని తయారైనదే డాక్టర్‌ని అడిగి కొనండి, జిమ్ డబ్బాలు వద్దు. మెషీన్ మీద బీపీ నిలకడగా ఉంటే రెండు తెల్లసొనలు పెట్టొచ్చు, మొదటి గంటల్లోనే. పడిపోయే అలవాటుంటే దిగాక పెట్టండి.