అప్‌డేట్: థైరాయిడ్ పేషెంట్ల మాట పేపర్లో వచ్చింది

"థైరాయిడ్ అంటే ఏముంది, రోజుకో మాత్ర" అన్న ధోరణిలో ఒక పత్రిక రాసిన కథనం గురించి ఇక్కడే అడిగాను గుర్తుందా? మందు వాడుతున్నా నీరసం వదలని మాలాంటివాళ్ల మాట అచ్చులోకి ఎలా తేవాలా అని. మొత్తానికి వచ్చింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఎడిటర్‌కి చిన్న ఉత్తరం రాయమన్న సలహానే. కథనం శీర్షిక, తేదీ మొదటి వాక్యంలోనే పెట్టి, ఒకే ఒక్క తప్పును పట్టుకున్నాం. డోసు మార్చిన వారానికే రక్తపరీక్ష చేయించుకుంటే చాలని వాళ్లు రాశారు. మనం వేసుకునే థైరాయిడ్ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, రక్తపరీక్షలో చూసేది ఇదే) కొత్త డోసుకి కుదురుకుందో లేదో తెలియాలంటే మామూలుగా 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఇది కాదనలేని విషయం కాబట్టే వేసుకున్నారనుకుంటున్నా.

పంపేముందు ఒక ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించాం. "ఐరన్, కాల్షియం వేసుకోకూడదు" అన్న వాక్యాన్ని ఆయన "థైరాయిడ్ మాత్రకీ వాటికీ 4 గంటల ఎడం ఉండాలి" అని మార్పించారు. ఆ ఒక్క దిద్దుబాటు లేకపోతే మన ఉత్తరానికే ఇంకొకరు ఖండన రాసేవారు!

సంతకాల సేకరణ, ప్రెస్ నోటు ఎందుకూ కొరగాలేదు, ఎవరూ అడగలేదు. మే 25, ప్రపంచ థైరాయిడ్ దినం దాకా ఆగమన్నారు కొందరు. ఉత్తరానికి ఆ అవసరం రాలేదు. పేషెంట్ల అనుభవాలతో పెద్ద కథనం కావాలంటే మాత్రం ఆ తేదీకి చాలా ముందే కదపమని ఆ పత్రిక రిపోర్టరే చెప్పారు. మాట్లాడేవాళ్లు తమ పేరు, ఫొటో, మెడికల్ రిపోర్టులు పేపర్లో వేస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి.