నేను తీసుకోని అప్పులకు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టవచ్చా?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాను. నిరుడు కిస్తీల మీద ఫోన్ కొన్నప్పుడు ఆధార్, పాన్ నకళ్లు ఇచ్చి, అడిగిన ఓటీపీలన్నీ చెప్పాను. ఈ మధ్య ఇంటి రుణానికి వెళ్తే, నా పేరున మూడు యాప్ రుణాలు, మొత్తం 2,80,000 రూపాయలు బాకీ ఉన్నట్లు సిబిల్ నివేదికలో కనిపించింది. అందులో ఒక్క రూపాయి నా చేతికి రాలేదు. వసూలు మనుషులు మా మామగారికి కూడా ఫోన్ చేసి అవమానిస్తున్నారు. నా సొంత అప్పు 60,000 రూపాయల బంగారం తాకట్టు ఒక్కటే. ఐపీ పెడితే అన్నీ ఒకేసారి పోతాయని మా బావ అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: తమ్ముడూ, నేను హనుమకొండలో ఒక వకీలు గారి దగ్గర చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇప్పుడు ఐపీ పెట్టవద్దు. మన జిల్లాల్లో మామూలు వ్యక్తుల దివాలాకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ పడినవారికి తప్ప, అమలులోకి రాలేదు. ఆ పాత చట్టం కింద వేసే పిటిషన్ ‘నా అప్పులు నేను తీర్చలేను’ అనే మాట మీదే నిలబడుతుంది. మీరు చేయని అప్పును మీ అప్పుల పట్టికలో మీరే రాసి సంతకం పెడితే, తరువాత అది నాది కాదని చెప్పడం కష్టమవుతుంది. పైగా దివాలాదారుగా ప్రకటించాక, జప్తు నుంచి మినహాయింపు ఉన్నవి తప్ప మీ ఆస్తి అంతా కోర్టు లేదా కోర్టు నియమించే రిసీవరు అధీనంలోకి పోతుంది, ఉత్తర్వు గెజిట్‌లో అచ్చవుతుంది. తాకట్టు బంగారం మీద అప్పిచ్చినవారి హక్కు మాత్రం అలాగే ఉంటుంది. మీ బావగారు చెప్పినట్లు అన్నీ పోవు.

ముందుగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తరువాత సైబర్ క్రైమ్ ఠాణాలో ఐటీ చట్టం 66సి (ఇతరుల గుర్తింపు వివరాలు దొంగతనంగా వాడటం), 66డి (వేరొకరిలా నటించి మోసం చేయడం) సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ అడగండి. ఠాణాలో తీసుకోకపోతే ఫిర్యాదును పోలీసు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లవచ్చు.

అసలు బలం రుణ సంస్థల దగ్గరున్న కాగితాల్లో ఉంది. దరఖాస్తు, అందులోని ఫోటో, వాడిన ఫోన్ నంబరు, అన్నిటికంటే ముఖ్యంగా డబ్బు జమ అయిన ఖాతా వివరాలు లిఖితపూర్వకంగా అడగండి. డిజిటల్ రుణం సొమ్ము, కొన్ని మినహాయింపులు తప్ప, నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. అది మీరు తెరిచిన ఖాతా కాకపోతే మీ వాదనకు అంతకు మించిన ఆధారం లేదు. అదే సమయంలో సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలకూ అభ్యంతరం పంపండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. రుణ సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) రాయవచ్చు, దానికి రుసుము లేదు.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నా. ఒక యాప్ వాళ్లు 15,000 కడితే సెటిల్ చేస్తామంటున్నారు. ఇంట్లో గొడవ తగ్గుతుందని కట్టేద్దామనుకుంటున్నాను.

సమాధానం: కట్టవద్దు. ఒక్క కిస్తీ కట్టినా అప్పు ఒప్పుకున్నట్లేనని వాళ్లు వాదిస్తారు, నివేదికలో ‘సెటిల్డ్’ అన్న మచ్చ మిగిలిపోతుంది. ఎఫ్ఐఆర్ నకలు జతచేసి, ‘ఈ రుణం నాది కాదు, దీని మీద వివాదం లేవనెత్తుతున్నాను’ అని ఆ సంస్థకు ఈమెయిల్ పంపండి. ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయడం, బంధువులను వేధించడం రిజర్వు బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. ఆ కాల్స్ రికార్డు చేసి ఫిర్యాదుకు జతచేయండి. మామగారికి కూడా ఎఫ్ఐఆర్ నకలు చూపించండి, ఆయన మనసు కుదుటపడుతుంది.

ఎప్పుడైనా మీ సొంత అప్పులే తీర్చలేని పరిస్థితి వచ్చి ఐపీ తప్పనిసరైతే, ఈ మూడింటినీ వివాదంలో ఉన్నవిగానే చూపించాలని వకీలుకు చెప్పండి. అప్పు నిజమని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చామన్నవారే.