సమస్య: విషము లేనిదాని విషమె కాచె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. వస్తువు మన పెంచలకోన అడవి సీతాకోకచిలుకలు. క్రిమ్సన్ రోజ్ గొంగళిగా ఈశ్వరి తీగ మేస్తుంది. ఆ విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని వదిలేస్తాయి. నిమ్మ, కరివేపాకు మేసే కామన్ మార్మన్‌కు విషం లేదు. అయినా దాని ఆడవాటిలో కొన్ని అచ్చం క్రిమ్సన్ రోజ్‌లా ఉంటాయి.

పొదలకూరు రైతు:
ఈశ్వరాకు మేసి యెర్రనౌ మేనితో
చేదు పురుగు తిరుగు చెట్టు చెట్టు
దాని వేష మూని తప్పించుకొనెఁ జెల్లి
విషము లేనిదాని విషమె కాచె

నిర్వాహకుడు: "ఎర్రనౌ మేని" చాలా బాగా పట్టారు. అసలుదానికి ఒళ్ళే ఎరుపు. వేషం వేసినదానికి ఎరుపు రెక్కల మీదే, ఒళ్ళు నలుపు. కోనలో గుర్తుపట్టేది దీంతోనే. "చెల్లి" మాత్రం వద్దన్నా, రెండూ వేరు వేరు ప్రజాతులు. "తప్పించుకొనెఁ గన్య" అంటే గణం చెడదు, ఆడదన్న మాటా నిలుస్తుంది.

కనిగిరి పంతులు:
మగకు లేదు వేష మాడుదానికె గాక
పులుగు మోసపోయి చెట్టు వీడె
రంగు చూచి బెదరె రవ్వంత యెరుగక
విషము లేనిదాని విషమె కాచె

నిర్వాహకుడు: రెండో పాదంలో పు–చె యతి కుదరలేదు మాస్టారూ. "పొలము వీడె" అంటే సరి. మొదటి పాదం నిజం. మగది ఎప్పుడూ నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుసతోనే ఉంటుంది.

రాపూరు శారద:
పెంచలయ్య కోన బెదరిన పిట్టకుఁ
జేదు గుర్తు వచ్చెఁ జెంతఁ జూడ
నిమ్మ యాకు మేసి నిగనిగ పెరిగిన
విషము లేనిదాని విషమె కాచె

నిర్వాహకుడు: నా మనసుకు ఈ వారం ఇదే మేలైన పూరణ. కాచింది ఆకులోని విషం కాదు, పిట్ట జ్ఞాపకంలోని చేదు. ఆ చేదు ఒకసారైనా తిన్న పిట్ట ఉంటేనే వేషం పనిచేస్తుంది. మూడో పాదం సమస్యలోకి ఎంత సాఫీగా జారిందో చూడండి!

కనిగిరి పంతులు: ఈ వేషాలు వేరు వేరు ఉపజాతులా?

నిర్వాహకుడు: కాదండీ. ఉపజాతి ప్రాంతాన్ని బట్టి. మన వైపు, శ్రీలంకలో రోములస్, అండమాన్‌లో స్టికియాయిడిస్, నికోబార్‌లో నికోబారస్. వేషాలు ఒకే చోట పక్కపక్కనే ఉంటాయి. మన రోములస్ ఆడవాటిలోనే మూడు రూపాలు: మగదానిలా ఒకటి, కామన్ రోజ్ అనే ఇంకో విషపు సీతాకోకచిలుకలా ఒకటి, క్రిమ్సన్ రోజ్‌లా ఒకటి. ఈ మూడు రూపాలూ ఒకే పద్యంలో ఇంకా ఎవరూ తేలేదు. ఆదివారం దాకా గడువుంది, పంపండి.